పదకొండు తలుపులు, రెండు డబ్బాల రంగు

వాకిట్లో రెండు నులక మంచాలు. వాటి మీద వరసగా పరిచిన చిన్న చిన్న చెక్క తలుపులు. లెక్కపెడితే పదకొండు. ఓ కోడిపెట్ట మంచమెక్కి మూడో తలుపు మీద తీరిగ్గా కూర్చుంది. పాలు పోసి తిరిగొస్తున్న పక్కింటామె ఆగిపోయింది.

''ఏందక్కా, ఇల్లు ఖాళీ జేస్తున్రా?''

''ఖాళీ కాదు, వంటింటి తలుపులకు రంగేస్తున్న.''

''మరి పెయింటరేడి?''

''నీ ముంగటనే ఉంది గదా!'' అంటూ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది ఆ ఇల్లాలు.

నర్సింహులపేటలో అదో మామూలు ఇల్లు. మూడెకరాల వరి, కాస్త పత్తి, రెండు బర్రెలు. ఇల్లు కట్టి పాతికేళ్లు దాటింది. ఆమెకు నలభై ఆరేళ్లు. అలుకు చల్లడం తెలుసు, ముగ్గేయడం తెలుసు, దసరాకు గోడలకు సున్నం కొట్టడమూ తెలుసు. నూనె రంగు డబ్బా మూత మాత్రం అంతకుముందెప్పుడూ తీసి ఎరగదు.

ఇంతకీ ఈ తలుపులు మంచమెక్కడానికి కారణం ఓ గృహప్రవేశం. మరిది హన్మకొండలో కొత్తిల్లు కట్టుకున్నాడు. వంటింట్లో తళతళలాడే అరలు, వేలితో తోస్తే వాటంతటవే మూసుకునే సొరుగులు, నల్లటి గ్రానైటు గట్టు. వచ్చిన ఆడవాళ్లంతా ముందు దేవుడి గది, ఆ వెంటనే వంటిల్లు చూశారు. అక్కడ ఎవరో నవ్వుతూ అన్నారు... ''మీ వంటింట్ల ఇంకా గా పాత తలుపులేనా?'' అన్నది ఒక్క ముక్కే. భోజనాల దగ్గర ఆమెకు అన్నం సహించలేదు. మాట ఆమెను అన్నా, ఎక్కువ గుచ్చుకున్నది భర్తకు. ఇంటికొచ్చిన మర్నాడే ఖమ్మంలో ఒక దుకాణానికి వెళ్లి, కొలతలు చెప్పి, లెక్క రాయించుకొచ్చాడు. లక్షా నలభై వేలు!

''దసరాకు చీటీ ఎత్తుదాం. వంటిల్లు చేయిద్దాం'' అన్నాడు.

ఆ చీటీ బిడ్డ చదువు కోసం కడుతున్నది. అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ ఆ చీటీ మీదే పెట్టుకున్నారు. ఒకరి నవ్వుకు జవాబు చెప్పడానికి బిడ్డ ఫీజు తీసి అరలకు పెట్టడమా? ఆ రాత్రి ఆమె ఏమీ అనలేదు. పొద్దున పాలు పితికి వచ్చాక మాత్రం చెప్పింది. ''చీటీ ముట్టొద్దు. పాల పైసలు మూడు వేలున్నయ్. నాకు పదిహేను దినాలియ్యి.''

వినాయక చవితి వెళ్లింది. పెత్రమాసకు ఇంకా పది రోజులు పైన ఉంది. బతుకమ్మ సెలవులకు బిడ్డ వచ్చేలోపు అయిపోవాలి. ఆమె లెక్క అది.

ఆ వంటింటి చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. అత్తగారి కాలంలో వంట అంతా నేల మీదే. మట్టి పొయ్యి, ఊదుగొట్టం, మసి పట్టిన దూలాలు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చి మహిళా సంఘాల ఇళ్లకు గ్యాసు చేరడం మొదలైంది. పొయ్యి మారితే వంటింటి ఎత్తే మారిపోతుంది. స్టవ్ నేల మీద పెట్టుకుని గొంతుక్కూర్చుని వండితే ఏం సుఖం? అందుకే ఊళ్లలో గట్లు లేచాయి. గోడ వెంట ఇటుక కట్టి, పైన కడప బండ పరిచి, ఆడవాళ్లను నిలబెట్టి వండించిన గట్లవి. దాని ఎత్తును మాత్రం చాలా ఇళ్లలో మేస్త్రీ తన నడుముతోనే కొలిచాడు. అందుకే ఈనాటికీ ఎంతోమంది పొట్టి ఇల్లాళ్లు పీట మీద నిలబడి పప్పు ఎనుపుతున్నారు.

ఈ ఇంట్లోనూ అలాంటి గట్టే. దాని కింద గూళ్లు, గోడకు రెండు అలమరలు. వాటికి ఊరి వడ్లాయన చేసిన వేపచెక్క తలుపులు. ఆకుపచ్చ నూనె రంగు వేసి పాతికేళ్లయింది. పోపు చిటపటలు, పచ్చళ్ల నూనె చేతులు, పండగల నాటి పొగ... అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని ఆ ఆకుపచ్చ కాస్తా ఏ పేరూ పెట్టలేని రంగయింది. తలుపులు విప్పి చూస్తే కొత్త సంగతి తెలిసింది. చెక్క చెక్కు చెదరలేదు! పురుగు లేదు, పుచ్చు లేదు. నవ్వులపాలైంది పైపూతే.

ఇలాంటి పనికి దిగేవాళ్లు ముందుగా చూసుకోవలసింది కూడా ఇదే. రంగు రోగాన్ని నయం చేయదు. నీళ్లు తాగి ఉబ్బిన పార్టికల్ బోర్డు తలుపుకు ఎంత ఖరీదైన రంగు వేసినా ఉబ్బు ఉబ్బులాగే ఉంటుంది. గట్టి చెక్క, మంచి ప్లైవుడ్ అయితే ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ కనిపిస్తుంది.

తలుపులు విప్పడానికి డిగ్రీ చదువుతున్న కొడుకు పేచ్‌కస్ పట్టాడు. తుప్పు పట్టిన స్క్రూలు కొన్ని మొండికేస్తే కిరోసిన్ చుక్కలు పడ్డాయి. ఏ తలుపు ఎక్కడిదో తెలియడానికి వెనకాల సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. ఆ సుద్ద అంకెల సంగతి తర్వాత.

తర్వాత రెండు రోజులు రంగు ఊసే లేదు. అంతా కడుగుడే. జిడ్డు మీద రంగు నిలవదు. పైకి పట్టినట్టే ఉండి, ఆరాక పొరలు పొరలుగా లేస్తుంది. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి, కొబ్బరి పీచుతో తోమితే గోధుమరంగు నీళ్లు కారాయి. పాతికేళ్ల పోపులు కాలవకట్టి తులసికోట దాకా పారాయి. ''మన ఇంట్ల ఇంత నూనె తిన్నమా!'' అని కొడుకు నోరు తెరిచాడు. ''తినంది ఇది. తిన్నది లెక్కేస్తే ఇంకెంతనో'' అంది తల్లి.

ఆ తర్వాత ఉప్పుకాగితం. ముందు నూట ఇరవై నంబరు గరుకుది, చివర్న రెండు వందల ఇరవై నంబరు మెత్తది. పాత మెరుపు పోయి చెయ్యి రాస్తే సన్నటి గరుకు తగలాలి. అప్పుడే కొత్త రంగుకు పట్టు దొరుకుతుంది. పాత రంగంతా చెక్క కనిపించేదాకా తీసేయనక్కర్లేదు, ఊడుతున్నంత మేర తీస్తే చాలు.

ఇక్కడ ఓ జాగ్రత్త. పాత నూనె రంగుల్లో సీసం కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ లాంటి ముదురు రంగుల్లో మరీను. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము, ముఖ్యంగా చిన్నపిల్లలకు, మంచిది కాదు. నీళ్లలో వాడే ఉప్పుకాగితం వేరే దొరుకుతుంది. దాన్ని తడిపి, తలుపును తడిపి రుద్దాలి. ముక్కుకు బట్ట కట్టుకోవాలి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. వచ్చిన మడ్డిని ఆకుకూరల మడిలో పారబోయకుండా పాత కాగితాల్లో మూటకట్టి పడేయాలి. నర్సింగ్ చదివే బిడ్డ ఫోన్లోనే ఈ సంగతులన్నీ చెప్పి, తల్లి చేత మూడుసార్లు వల్లె వేయించింది.

తడిపి రుద్దడం మంచిదే కానీ, సుద్ద అంకెలన్నీ కొట్టుకుపోయాయి! పదకొండు తలుపులూ అనాథలయ్యాయి. మేకుతో కబ్జా కింద గీసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. చేత్తో చేసిన తలుపులు కదా, ఏ రెండూ ఒక్క కొలత కావు.

సరంజామాకు తొర్రూరు వెళ్లారు. ఒక లీటరు ప్రైమరు, రెండు లీటర్ల ఎనామిల్ రంగు, స్క్రూలు ఊడిన బొక్కలు పూడ్చడానికి కొంచెం లప్పం, టర్పెంటైను, రెండు బ్రష్షులు, కొత్త పిడులు. అన్నీ కలిపి పాల డబ్బుల్లోనే సరిపోయాయి. లీటరు ఎనామిల్‌తో ఒక కోటుకు వంద చదరపు అడుగుల పైనే వస్తుంది. పదకొండు చిన్న తలుపులకు రెండు వైపులా రెండేసి కోట్లంటే రెండు లీటర్లు ఎక్కువే.

రంగు ఎంచుకోవడం దగ్గర మాత్రం గంట పట్టింది. బిడ్డ ఫోన్లో పంపిన ఫొటోలన్నీ తెలుపు, బూడిద. తెల్ల తలుపుల ముందు తెల్ల గిన్నెలో తెల్ల పూలు. ఆమె ఓ క్షణం చూసి, ''గీళ్లింట్ల పసుపు వాడరా?'' అంది. మంచి ప్రశ్న. పైగా తెల్లటి నూనె రంగుకు మరో గుణం ఉంది. వెలుతురు తగలని చోట అది క్రమంగా పసుపుబారుతుంది. ఎప్పుడూ మూసి ఉండే అలమర లోపలి వైపు ముందు పాడయ్యేది అందుకే. చివరికి షేడ్ కార్డులో నీలానికీ ఆకుపచ్చకీ నడుమ ఉన్న రంగు మీద ఆమె వేలు ఆగింది. నెమలి మెడను నీళ్లలో జాడిస్తే వచ్చే రంగు!

ఆమెకు తెలియకపోవచ్చు గానీ ఆ ఎంపికకు పెద్ద వంశమే ఉంది. ఈనాటి మాడ్యులర్ వంటిళ్లన్నిటికీ అమ్మమ్మ అనదగ్గది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు. 1926లో మార్గరెటె షూటె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు సామాన్యుల ఇళ్ల కోసం దాన్ని రూపొందించింది. ఇరుకు గదిలోనే అన్నీ చేతికందేలా అరలు, సొరుగులు అమర్చింది. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. ఆ అరలకు వేసింది నీలం, నీలం-ఆకుపచ్చ రంగులే. ఈగలు ఆ రంగు మీద వాలవని అప్పట్లో నమ్మేవారట. నర్సింహులపేట ఈగలు ఆ మాట విన్నాయో లేదో తెలియదు. మొదటి కోటు ఆరకముందే రెండు వచ్చి వాలి, అక్కడే ఉండిపోయాయి.

వాకిట్లో ఇదంతా సాగుతుంటే అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. డెబ్బై అయిదు దాటిన మనిషి. మొదటి రోజు ''పెయింటరుకు పైసలియ్యలేకనా?'' అని సణిగింది. రెండో రోజు ఏమీ అనలేదు. మూడో రోజు కోడలు బ్రష్షును ముంచి, అడ్డంగా నిలువుగా ఎటు పడితే అటు పులుముతుంటే ఇక ఆగలేకపోయింది.

''గట్ల గాదు బిడ్డా. జాజు పూసినట్టు పుయ్యి. ఒక్కతీరుగ ఇటు నుంచి అటు. చెయ్యి నడుమల ఆపకు, ఆపితే మరక తేల్తది.''

ఆమె పూసిన జాజుకు లెక్కలేదు. వారానికోసారి పొయ్యిగడ్డ అలకడం, పండగలకు పుట్టమన్ను, పేడ కలిపి గోడ కింది భాగం మెత్తడం, ఆరాక గుడ్డ పేలిక జాజులో ముంచి అంచు దిద్దడం, దాని మీద సున్నపు చుక్కలు. పైసా ఖర్చు లేదు. ఎర్రమన్ను చెరువు కట్ట మీది నుంచి వచ్చేది. వంటిల్లు ఎలా కనిపించాలో తేల్చేది వండే మనిషే, దిద్దేదీ ఆ మనిషే. గట్టొచ్చింది, బండొచ్చింది, నూనె రంగొచ్చింది... అలికే పని తప్పిందని అందరూ సంతోషించారు. తప్పడం మంచిదే, నడుములు విరిగే చాకిరీ అది. కానీ పనితోపాటు చెయ్యి కూడా పోయింది. అప్పటి నుంచి వంటింటికి ఏం కావాలన్నా ఎవరినో పిలవాలి, ఎవరో లెక్క రాసివ్వాలి. లక్షా నలభై వేల కాగితం అలా వచ్చిందే.

''ఏదీ, ఇటియ్యి'' అని ముసలామె బ్రష్షు అందుకుంది. పీట వేసుకుని కూర్చుని రెండు తలుపులు పూసింది. చేతులు వణికాయి గానీ గీత వణకలేదు. ఆ రెండింటి మీద ఒక్క మరకా లేదు.

భాద్రపదపు ముసురు ఓ పరీక్ష పెట్టింది. ఎండాకాలంలో ఒక రాత్రికి ఆరే కోటు రెండు రోజులైనా వేలికి అంటుతూనే ఉంది. తొందరపడి పైన ఇంకో కోటు వేస్తే లోపలిది మెత్తగానే ఉండిపోతుంది. మబ్బు పట్టినప్పుడల్లా తలుపులు మోసుకుంటూ లోపలికి, మళ్లీ బయటికి. ఈ పనికి మాఘమో ఫాల్గుణమో మేలని ఇరుగుపొరుగంతా సలహా ఇచ్చారు, పనంతా సగమయ్యాక!

తలుపుల కథ సుఖాంతమే. కష్టం గట్టు దగ్గర వచ్చింది.

రంగు ముప్పాతిక లీటరు మిగిలింది. ఫోన్లో ఎవరో విదేశీ ఇల్లాలు వంటింటి గట్టుకే రంగు పూసి పాలరాయిలా మార్చేస్తున్న వీడియో కనిపించింది. కడప బండ మసకబారి, అక్కడక్కడ తెల్లగా పొడబారి ఉంది. తలుపులు మెరుస్తుంటే బండ మరీ వెలవెలబోయింది. ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అడగలేదు. బండ కడిగి, తుడిచి, రెండు కోట్లు వేసేసింది. నాలుగు రోజులు స్టవ్ వెనక వసారాలోకి మారింది. గట్టు నిజంగానే అద్దంలా ఉంది. భర్త చూసి ''ఇంక హన్మకొండోళ్లు గూడ చాలరు'' అన్నాడు.

పెత్రమాస నాడు గారెలు వండారు. మూకుడు దింపి, అలవాటు కొద్దీ గట్టు మీద పెట్టింది. కాసేపటికి తీస్తే, మూకుడు అడుగున చంద్రవంకలా నీలం రంగు! గట్టు మీద అదే ఆకారంలో నల్లటి బొక్క. ఓ పక్క రుబ్బిన పప్పు గిన్నె జరిపిన చోట గీతలు. పసుపు పడిన చోట పచ్చటి మచ్చ. ఆమె గట్టు ముందు అలాగే నిలబడిపోయింది. గారెలు వాయనం అందుకోవడానికి వచ్చినవాళ్ల కంటబడకుండా దాని మీద విస్తరాకు కప్పింది.

తప్పు ఎక్కడుంది? ఆ వీడియోలోని గట్టు రాయి కాదు. అమెరికాలో చాలా ఇళ్ల గట్లు ఫార్మైకా లాంటి లామినేట్ పలకలవి. 1912లో కరెంటు పనుల్లో అభ్రకానికి, అంటే మైకాకు, బదులుగా కనిపెట్టిన సరుకు కాబట్టి దానికా పేరు. మన సన్‌మైకా దానికి చుట్టమే. రాయి వేయించుకునే స్థోమత లేనివాళ్లు ఆ పలక మీద రంగు వేసి, పైన ఎపాక్సీ లాంటి గట్టి పూత పోసి, రోజుల తరబడి గట్టిపడనిస్తారు. ఆ తర్వాత కూడా వేడి గిన్నె కింద ఏదో ఒకటి వేయాల్సిందే. తలుపులకు వేసే మామూలు ఎనామిల్ వేడికి మెత్తబడుతుంది. గీరితే లేస్తుంది. పిండి కలిపే చోట, కూరలు తరిగే చోట లేచిన పెచ్చు తిండిలోకే పోతుంది. రోట్లో దంచి, గట్టు మీద గిన్నె ఈడ్చి, కాగుతున్న మూకుడు దించే మన వంటకు అది ఎందుకూ పనికిరాదు. తలుపులకు రంగు వేయండి, గట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు.

మర్నాడు పొద్దున్నే ఆమె గీరడం మొదలుపెట్టింది. సన్నటి అట్లకాడ, పాత బ్లేడు, తడి ఉప్పుకాగితం. భర్త ఏమంటాడోనని తల ఎత్తలేదు. అతను ఏమీ అనలేదు. చొక్కా విప్పి దండెం మీద వేసి, అవతలి కొస నుంచి గీరడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ స్టవ్ దగ్గర కలుసుకున్నారు.

కింద నుంచి బయటపడిన బండను చూసి ఇద్దరూ ఆగారు. కడప బండ సున్నపు రాయి జాతి. చింతపండు రసం, నిమ్మకాయ, పుల్ల మజ్జిగ... ఏ పులుపు పడినా పైపొరను కొంచెం కొంచెంగా తింటుంది. తెల్లటి పొడ అదే. గ్రానైటుకు ఆ బాధ లేదు. ఆ పొడబారిన పొరంతా రంగుతోపాటే ఉప్పుకాగితానికి లేచిపోయింది. కడిగి ఆరనిచ్చి, గుడ్డతో కొబ్బరినూనె పట్టిస్తే బండ నల్లగా నిగనిగలాడింది. ఇల్లు కట్టిన నాడు కూడా అంత నల్లగా లేదని అత్తగారు సాక్ష్యం చెప్పింది. నెలకోసారి నూనె రాయాలి, పులుపు పడితే వెంటనే తుడవాలి. రంగు డబ్బాతో దాని అవసరమే లేదు.

తలుపులు బిగించడానికి ఒక రాత్రి పట్టింది. అంకెలు పోయాయి కదా, ప్రతి తలుపునూ ప్రతి గూటికీ పెట్టి చూడటమే. తొమ్మిది సరిగ్గా కూర్చున్నాయి. రెండు ఎంతకీ కుదరకపోతే ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి, అంచు కొంచెం చెక్కి బిగించారు. ఇప్పటికీ పప్పుల గూడు తలుపు తీసేటప్పుడు కిర్రుమంటుంది.

బిడ్డ ఎంగిలిపూల బతుకమ్మ దాటాక రెండో రోజు వచ్చింది. సంచీ కూడా దించకుండా వంటింట్లోకి వెళ్లింది. ఒక్కో తలుపూ తీసి, మూసి చూసింది. గట్టు మీద చెయ్యి వేసి, నూనె అంటిన వేళ్లు చూసుకుని నవ్వింది. ''అమ్మా, నా ఫీజు కట్టిన రసీదు నీ ఫోన్‌కు పంపిన, చూసినవా?'' అంది. చూడలేదు. ఫోను తెర మీద నీలం చుక్కలు పడి ఏమీ కనిపించడం లేదు.

డబ్బాలో రంగు ఇంకా పావు లీటరు ఉంది. మూత పెడుతుంటే అత్తగారు అరుగు మీద నుంచి పిలిచింది.

''పారబోయకే. నా పెండ్లినాటి సందుగుంది. దానికేస్త. నేనే ఏస్త... నువ్వు రాకు, నీ చెయ్యి ఇంక కుదరలే.''